పీఎస్2 ఎమ్యులేటర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు? ఎస్ఎంపీఎస్‌లో (పవర్ సప్లై) కార్డుకి కరెంటిచ్చే 6 పిన్ ప్లగ్ లేదు

ప్రశ్న: నా పీసీ: ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు. పీసీలో పీఎస్2 ఆటలు ఆడించే పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్‌లో రిజల్యూషన్ 1x (పీఎస్2 అసలు రిజల్యూషన్) దాటిస్తే ఆట నత్తనడకే. ఎస్ఎంపీఎస్ 290 వాట్లు. 1080పీకి ఏది కొనాలి?

జవాబు: కొనేముందు ఓఎస్‌డీలో (ఆట నడుస్తుంటే తెర మీద కనిపించే వివరాలు) సీపీయూ, జీపీయూ వాడకం ఆన్ చేసి చూడండి బ్రో. 1xలోనే ఈఈ (పీఎస్2 ప్రాసెసర్ పని చేసే థ్రెడ్) 100% దగ్గరుంటే ప్రాసెసరే అడ్డం, కార్డు మార్చి లాభం లేదు. 1xలో ఫుల్ స్పీడొచ్చి, 3xలో జీపీయూ 99 కొడితే కార్డు మార్చాల్సిందే. 1080పీ అంటే సుమారు 3x.

జవాబు: జీటీఎక్స్ 1650 తీసుకోండి. 75 వాట్లు మదర్‌బోర్డు స్లాట్ నుంచే లాగుతుంది. కానీ కొన్ని ఓవర్‌క్లాక్ మోడళ్లకు 6 పిన్ ఉంటుంది, కార్డు పైఅంచు ఫొటో చూసే కొనండి. సాటా (హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే ప్లగ్) నుంచి 6 పిన్ కన్వర్టర్ జోలికి మాత్రం పోవద్దు! సాటా ప్లగ్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లే మోస్తుంది, ఎక్కువైతే కరుగుతుంది. జీటీ 1030 చవగ్గా దొరికినా డీడీఆర్4ది అసలొద్దు, జీడీడీఆర్5 దాంట్లో మెమరీ వేగం దాదాపు మూడింతలు.

జవాబు: కార్డు మార్చాక కూడా బ్లెండింగ్ యాక్యురసీ (రంగులు, పారదర్శకత ఎంత కచ్చితంగా కలపాలో చెప్పే సెట్టింగ్) బేసిక్‌లోనే ఉంచండి. మ్యాక్సిమమ్ పెడితే మళ్లీ నత్తనడకే. పీఎస్3 మీద ఆశ పెట్టుకోకండి, పీఎస్3 ఎమ్యులేటర్ ఆర్‌పీసీఎస్3 బరువంతా ప్రాసెసర్ మీదే. మీ ప్రాసెసర్‌లో ఉన్నవి 4 కోర్లు, 4 థ్రెడ్లే.