కాలవ గట్టు మీద నడిచే కాళ్ళు కాశ్మీర్ కొండెక్కుతాయా?

కొబ్బరాకు (అమలాపురం):
ఆగస్టులో నేనూ మా బావా కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి వెళ్దావని ఫిక్సయ్యావండి, సోనమర్గ్ దగ్గర మొదలెట్టి వాగు పక్కనే నిచ్‌నై కనుమెక్కి విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్ చూసుకుని నారానాగ్‌లో దిగేది. రోజూ గట్టు మీద గంట నడుస్తాం, ఆయాసం రాదు. కానీ మన కోనసీమలో ఎత్తంటే వంతెనే కదా, అక్కడేమో కనుమలు 4,000 మీటర్లు దాటతాయంట. ఏం ప్రాక్టీస్ చెయ్యమంటారు? బావ బీపీ మాత్రలు వాడతాడు.

గునుపూడి:
గట్టు నడక చాలదండి బాబూ. ఆదివారం ఆదివారం కోరుకొండ మెట్లెక్కండి, బ్యాగులో ఐదారు కేజీల బియ్యం వేసుకుని. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకి పని, గడ్‌సర్ కనుమ అవతల దిగుడు మామూలుగా ఉండదు.

స్టెతస్కోపు:
కాళ్ళ సంగతి సరే, ఊపిరి సంగతి వేరు. 4,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన దగ్గరుండేదాంట్లో ఇంచుమించు 60 శాతమే, దానికి ఇక్కడ ఎన్ని మెట్లెక్కినా శరీరం అలవాటు పడదు, అక్కడ నిదానంగా ఎక్కితేనే పడుతుంది. కుర్రాళ్ళయినా సరే, మొదటి రోజు పరుగులు పెట్టకూడదు. తలనొప్పికి వికారం తోడైతే ఇంకా పైకెళ్ళకండి, మాట తడబడినా నడక తూలినా రాత్రయినా సరే కిందకి దించెయ్యాలి. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర ఎవరో చెప్పారని వేసుకోవద్దు, మీ బావగారి బీపీ మాత్రల చీటీ డాక్టరుకి చూపించి అడగండి.

లంకపిల్ల:
ఇంకోటండి, గోదారి ఈదినోళ్ళం అన్న ధీమాతో అక్కడ వాగుల్లో దిగొద్దు. పొద్దున మోకాలి లోతుండే వాగు ఎండెక్కాక మంచు కరిగి ఒరవడి పెరుగుద్ది, దాటాల్సినవి పొద్దున్నే దాటెయ్యండి, దాటేటప్పుడు బ్యాగు నడుం బెల్టు ఊడదియ్యండి, పడితే బ్యాగొదిలెయ్యొచ్చు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు కాశ్మీర్లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి, కొండ మీద మాత్రం దాదాపు ఏదీ రాదు. ఆధార్ దగ్గరుంచుకోండి, దార్లో ఆర్మీ చెక్‌పోస్టులున్నాయి.

కొబ్బరాకు:
అందరికీ థాంక్సండి. ఈ ఆదివారమే కోరుకొండ. మా బావకి బీపీ బెంగేం లేదు గానీ విషన్‌సర్‌లో ట్రౌట్ చేపలుంటాయని ఎక్కడో చదివాడు, గేలం కొంటానంటున్నాడు.

లంకపిల్ల:
ఉంటాయి గానీ ఫిషరీస్ వాళ్ళ పర్మిట్ లేకుండా వెయ్యకూడదండి, శ్రీనగర్లోనే కనుక్కోమనండి.