అప్‌డేట్: పిల్లలతో కావలి నుంచి సికింద్రాబాద్ వెళ్లొచ్చాం

మా ఆడపడుచు గృహప్రవేశానికి మూడేళ్ల బాబు, ఏడేళ్ల పాపతో రైల్లో స్లీపర్ క్లాసులో వెళ్లాలి, పాపకు అర టికెట్ తీస్తే సరిపోతుందా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. అర టికెట్‌కు బెర్త్ ఇవ్వరు, ఫుల్ తీసుకోమని ఎక్కువమంది చెప్పారు.

వెళ్లేటప్పుడు మీ మాట విన్నాను. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో మూడు బెర్త్‌లు తీసుకున్నాం. ఐదేళ్ల లోపు కాబట్టి బాబుకు టికెట్ లేదు, నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. విజయవాడ ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో డబ్బులు మిగులుతాయని పాపకు అర టికెట్టే తీశాను. అక్కడే తప్పు చేశాను. కింది బెర్త్ మీద పిల్లలిద్దరూ, వాళ్ల కాళ్ల దగ్గర నేను. బాబు కింద పడతాడేమోనని రాత్రంతా కూర్చునే ఉన్నాను. పాపకు తెల్లారేసరికి మెడ పట్టేసింది, పాపం. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలుంటే పగటి ప్రయాణానికి అర టికెట్ చాలు, రాత్రికి మాత్రం వద్దు.

డబ్బులు నిజంగా మిగిలింది తిండి దగ్గర. పులిహోర, ఇడ్లీ, ఫ్లాస్కులో పాలు ఇంటి నుంచే పట్టుకెళ్లాం. పెరుగన్నానికి అన్నంలో పాలు కలిపి తోడేయమన్న అక్క సలహా బాగా పనికొచ్చింది, అస్సలు పులవలేదు.

ఇంకొకటి, కావలిలో బండి ఎక్కువసేపు ఆగదు. ఒంగోలు దాటగానే పిల్లల్ని లేపి చెప్పులు వేసేశాం, దిగేటప్పుడు టెన్షన్ లేదు. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.