కండ పెరగాలంటే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ తప్పనిసరా? మిషన్లతో పని కాదా?

దేవరకొండ_పోరడు:
అన్నలకు నమస్తే. నాకు 22 ఏళ్లు, 58 కిలోలు, ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. నల్లగొండలో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్నా. పొద్దున పరుగు, సాయంత్రం జిమ్. జిమ్‌లో ఇద్దరు రెండు మాటలు చెప్తున్నారు, రాడ్డుతో చేసే మూడు వ్యాయామాల గురించి: స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డు ఎత్తి నిలబడటం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని రాడ్డు పైకి నెట్టడం). ట్రైనర్ అన్న "స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్ చేయకుండా ఒంటికి కండ పట్టదు, మిషన్లు ఆడవాళ్లకూ ముసలోళ్లకూ" అంటాడు. అక్కడికి వచ్చే ఇంకో సీనియర్ అన్న, బాడీ బాగుంటుంది, "ఆ మూడూ పోటీల కోసం. కండకు మిషన్, కేబుల్ చాలు, నడుము పాడుచేసుకోకు" అంటాడు. ఫీజు కట్టడమే నాకు కష్టం, టైమ్ కూడా తక్కువ. ఎవరి మాట వినాలి?

మిర్యాలగూడ_రాడ్డు:
ట్రైనర్ మాట విను తమ్మీ. ఆడవాళ్లు, ముసలోళ్లు అన్న ముక్క వదిలెయ్, మిగతాది నిజం. ఒక్క స్క్వాట్‌తో తొడలు, పిరుదులు, తొడ లోపలి కండ, నడుము అన్నీ పని చేస్తాయి. అదే పని మిషన్ల మీద చేయాలంటే నాలుగు మిషన్లు ఎక్కాలి, నాలుగు చోట్ల లైన్‌లో నిలబడాలి. చదువుకునే పిల్లగానికి అంత టైమ్ ఎక్కడిది? మా దగ్గర రైస్ మిల్లుల్లో హమాలీలను చూడు. ఏ మిషన్ ఎక్కారు వాళ్లు? బస్తా ఎత్తి వీపు మీద వేసుకుని లారీ మీదికి పలక ఎక్కుతారు. ఆ వీపులు, ఆ పిక్కలు ఏ జిమ్ములో కనిపిస్తాయి?

హమాలీ_కొడుకు:
రాడ్డు అన్నా, మా నాయన హమాలీ. ఈ పోలిక ఎవరు తెచ్చినా నాకు మనసు కష్టమైతది. మీరు చూసేది మంచి వయసులో ఉన్నవాళ్లను. యాభై దగ్గర పడ్డవాళ్లను చూడండి, మెడ తిరగదు, మోకాళ్లు వంగవు. ఇంకో సంగతి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో బస్తా 40 కిలోలు. ఈ ఏడూ 40, వచ్చే ఏడూ 40. మొదటి నెలల్లో ఒళ్లు గట్టిపడుతుంది, ఆ తర్వాత పెరిగేది అలసటే. వాళ్లు మోసేది కూలి కోసం. తినేది బువ్వ, పచ్చిపులుసు. ఎత్తే బరువు పెరగకుండా, తిండి లేకుండా, నిద్ర లేకుండా కండ పెరగదనడానికి మా ఇల్లే సాక్ష్యం. దాన్ని జిమ్ముకు ఉదాహరణగా చెప్పకండి.

మిర్యాలగూడ_రాడ్డు:
తమ్మీ, మీ నాయన కష్టాన్ని తక్కువ చేయాలని కాదు. బరువు పెంచుతూ పోవాలన్నదే నేనూ చెప్పేది. అది రాడ్డు మీద అయినంత సులువుగా ఎక్కడా కాదు. అటు 1.25, ఇటు 1.25 వేసుకుంటూ పోవచ్చు.

పానగల్_పీఈటీ:
నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలతో ఏళ్లుగా బరువులు చేయిస్తున్నా కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

బాబూ, ముందు వ్యాయామాల పేర్లు పక్కన పెట్టు. కండ పెరగడానికి కావాల్సింది ఆ కండ మీద గట్టి లాగుడు పడటం. సెట్ (ఆగకుండా వరసగా చేసే ఒక వంతు) చివర్లో ఇంకో రెండు మూడు రెప్స్ (ఎత్తి దించడాలు) మించి లేవలేని స్థితి రావాలి. అక్కడిదాకా వెళ్తే 6 రెప్స్ చేసినా 20 చేసినా కండ పెరుగుదలలో పెద్ద తేడా రాదని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. వారానికి ఒక్కో కండకు 10 సెట్ల దాకా మంచి ఫలితం ఉంటుంది, కొత్తవాళ్లకు అంతకంటే తక్కువైనా సరిపోతుంది. రాడ్డుతో చేసినవాళ్లనూ మిషన్లతో చేసినవాళ్లనూ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే కండ పెరుగుదల దాదాపు సమానమే. బలం మాత్రం దేనిమీద సాధన చేస్తే దానిమీద ఎక్కువ పెరుగుతుంది. స్క్వాట్ చేసినవాడికి స్క్వాట్‌లో, లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మిషన్) చేసినవాడికి లెగ్ ప్రెస్‌లో.

అందుకని ఒక వ్యాయామం మంచిదా కాదా అన్నది, అది చేసేటప్పుడు నీ ఒంట్లో ముందుగా అలిసిపోయేది ఏది అన్నదాన్ని బట్టి తేలుతుంది. నీలాంటి పొడుగు, సన్నటి పిల్లలు స్క్వాట్‌లో ముందుకు బాగా వాలిపోతారు. తొడ ఎముక పొడుగు, అదేం తప్పు కాదు. కానీ తొడలు అలిసేలోపే నడుము అలిసిపోతుంది, లేదా ఊపిరి అందదు. బరువు దించేస్తావు. తొడకు అందాల్సింది అందనే లేదు. అలాంటివాడికి లెగ్ ప్రెస్సో, మడమల కింద చిన్న ప్లేట్ పెట్టి చేసే స్క్వాటో ఎక్కువ పనికొస్తుంది. పొట్టిగా, గట్టిగా ఉన్న పిల్లవాడు అదే స్క్వాట్‌తో తొడలు దిట్టంగా పెంచుకుంటాడు.

"స్క్వాట్ చేస్తే కాళ్లన్నీ అయిపోయినట్టే" అన్నది కూడా నిజం కాదు. 2019లో జపాన్ పరిశోధకులు కుర్రాళ్లతో 10 వారాలు స్క్వాట్ చేయించి ఎంఆర్ఐలో కొలిచారు. తొడ పక్క కండలు, లోపలి కండ, పిరుదులు పెరిగాయి. తొడ వెనక కండ, తొడ ముందు నడిమి కండ చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. వెనక కండకు లెగ్ కర్ల్ (బరువుకు ఎదురుగా మోకాలు మడవడం) కావాలి, ముందు నడిమి కండకు లెగ్ ఎక్స్‌టెన్షన్ (బరువుకు ఎదురుగా మోకాలు చాపడం) కావాలి. రెండూ మిషన్లే. లెగ్ కర్ల్‌లో కూడా కూర్చుని చేసేది, బోర్లా పడుకుని చేసేదానికంటే ఎక్కువ పెంచిందని ఇంకో అధ్యయనంలో తేలింది. కూర్చున్నప్పుడు తుంటి వంగి ఉండి ఆ కండ సాగి ఉంటుంది, సాగిన చోట బరువు పడటం దానికి మేలు చేసింది. ట్రైసెప్స్ (మోచేతికి పైన, చేతి వెనక ఉండే కండ) కూడా అంతే. చేతులు తలపైకి ఎత్తి చేసే కేబుల్ ఎక్స్‌టెన్షన్, చేతులు పక్కన పెట్టి కిందికి నొక్కేదానికంటే బాగా పెంచింది.

మిర్యాలగూడ_రాడ్డు:
సార్, పెద్దవారు, మీ మాట కాదనలేను. కానీ మీరు చెప్పే మిషన్లు మన ఊళ్లలో ఏ గతిలో ఉన్నాయో చూడండి. కేబుల్ తీగకు గ్రీసు ఉండదు, మధ్యలో పట్టేస్తుంది. ఒక మిషన్ మీద 40 అంటే ఇంకోదాని మీద 25 అంత కూడా ఉండదు. సీటు పిన్ను పోయి ఒకే ఎత్తులో బిగుసుకుని ఉంటుంది. కూర్చుని చేసే లెగ్ కర్ల్ మా జిమ్ములో లేనే లేదు. రేపు ఈ పిల్లవాడు నోటిఫికేషన్ వచ్చేదాకా ఊరికి పోతే అక్కడ ఏం చేస్తాడు? ఒక రాడ్డు, నాలుగు ప్లేట్లు ఇంట్లో పెట్టుకుంటే జీవితాంతం ఉంటాయి. 20 కిలోల రాడ్డు దేవరకొండలో 20, హైదరాబాద్‌లో 20.

నల్లగొండ_గడియారం:
రాడ్డు విషయంలో ఒక్క మాట. లోకల్‌గా కొన్న రాడ్లు చాలావాటికి 20 ఉండదు. మా జిమ్ములో కాటా పెట్టి తూచాం, ఒక్కోటి ఒక్కో బరువు. ఒకే రాడ్డుకు రంగు దారం కట్టుకుని రోజూ అదే వాడండి, లెక్క తప్పదు. ఇంకోటి, స్క్వాట్‌కు పక్కన ఆపే కడ్డీలు లేని స్టాండు ఉంటే ఒంటరిగా గట్టి సెట్ చేయొద్దు. బెంచ్ మీద కూడా అంతే, పక్కన ఒక మనిషి ఉండాలి.

జడ్చర్ల_అక్క:
"మిషన్లు ఆడవాళ్లకు" అన్న మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. చెస్ట్ ప్రెస్ మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మిషన్ తిరిగే చోటు ఒకచోట, నా మోకాలు ఇంకోచోట, అందుకే నొప్పి. ఆ మిషన్లు నాకోసం చేసినవి కావు. నాకు కుదిరింది రాడ్డు, డంబెల్స్. స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నిలబడి రాడ్డు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం), డంబెల్ ప్రెస్ చేస్తాను, మా అమ్మ వయసుకు ఎముకలు గట్టిగా ఉండాలని కూడా చేస్తాను. ఆడా మగా అని కాదు, పరికరం ఆ మనిషి ఒంటికి సరిపోయిందా లేదా అని చూడాలి. మన జిల్లాల్లో ఎంతమంది అమ్మాయిలు "నీకిది వద్దమ్మా" అన్న ఒక్క మాటకే జిమ్ మానేశారో. దయచేసి ట్రైనర్లు ఆ మాట అనకండి.

మర్రిగూడ_వాసి:
అందరూ చదవాలని రాస్తున్నా. మా మండలంలో మా తరం దాకా బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్నుపూసల చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీలు గట్టిపడిపోతాయి. మా నాయన నడుము పూర్తిగా వంగదు. నాది అంత కాదు, కానీ ముందుకు వంగి బరువు ఎత్తితే నాకు పని కాదు, డాక్టర్ కూడా వద్దన్నారు. "డెడ్‌లిఫ్ట్ చేయనోడు మగాడు కాదు" అని జిమ్ములో ఒకతను అందరి ముందు అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. నేను ఛాతీ ఆనించి చేసే రో (బరువును ఒంటి వైపు లాగడం), కేబుల్ పుల్‌డౌన్ (పై నుంచి కిందికి లాగడం), లెగ్ ప్రెస్ సగం లోతు, లెగ్ కర్ల్ చేస్తా. చేతులు, వీపు, కాళ్లు మూడూ పెరిగాయి. మిషన్లు లేకపోతే నాకు వ్యాయామమే లేదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మా పిల్లలకు ఈ బాధ ఉండకూడదు. కానీ మా వయసు వాళ్లు నల్లగొండ జిమ్ముల్లో ఇంకా ఉన్నారు.

పానగల్_పీఈటీ:
మర్రిగూడ తమ్ముడూ, ఇక్కడ ట్రైనర్‌గా పని చేసే ప్రతివాడూ నీ మాట చదవాలి. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లను మొదటి రోజే నడుము, తుంటి ఎంత వంగుతాయో చూసి తర్వాతే వ్యాయామం చెప్పాలి. నడుము బిగుసుకున్న మనిషితో లోతు స్క్వాట్ చేయిస్తే దెబ్బ తగులుతుంది.

దేవరకొండ బాబూ, తిండి సంగతి నువ్వు అడగలేదు కానీ నీ బరువు చూసి చెప్తున్నా. కండ కోసం కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా ఉపయోగం ఉంటుంది, నీకు రోజుకు 90 గ్రాముల పైచిలుకు. ఒక గుడ్డులో 6 గ్రాములు. 50 గ్రాముల సోయా చంక్స్‌లో 26 దాకా. పప్పు, పెరుగు, పల్లీలు కలుపుకో. మెస్‌లో వేసే నీళ్ల పప్పు మీద ఆధారపడితే ఏ వ్యాయామం ఎంచుకున్నా ఫలితం ఉండదు.

దేవరకొండ_పోరడు:
సార్, అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. ఇలా అనుకుంటున్నా, వారానికి మూడు రోజులు. లెగ్ ప్రెస్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, పడుకుని చేసే లెగ్ కర్ల్ (మా జిమ్ములో అదే ఉంది), బెంచ్ ప్రెస్, డంబెల్ షోల్డర్ ప్రెస్, పుల్‌డౌన్, కూర్చుని లాగే రో, తలపై కేబుల్ ట్రైసెప్స్, కర్ల్, నిలబడి చేసే పిక్కల రైజ్. నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్ తీసేశా. సరేనా?

మిర్యాలగూడ_రాడ్డు:
డెడ్‌లిఫ్ట్ తీసేయడం నేను ఒప్పుకోను తమ్మీ. పోలీస్ ఈవెంట్స్‌లో 7.26 కిలోల గుండు విసరాలి, లాంగ్ జంప్ ఉంది. నేలను తన్ని లేచే బలం దానితోనే వస్తుంది. ఉత్త కండ ఏం చేసుకుంటావు? వారానికి ఒక్కసారైనా మూడు సెట్లు ఉంచు.

పానగల్_పీఈటీ:
ఇది న్యాయమైన మాటే, కానీ అడిగింది కండ గురించి. నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో పైకి లేపి కింద పడేస్తారు, దించే సగం పోతుంది. వీపు కదలకుండా పట్టి ఉంచుతుంది అంతే. ఒక్క గట్టి సెట్ చేస్తే మర్నాడు పొద్దున 1600 మీటర్ల పరుగు బరువెక్కుతుంది. గుండు దూరం పోవాలంటే గుండు విసరడమే సాధన చేయాలి, గ్రౌండ్‌కు రా, నేర్పిస్తా. అన్న మాట కూడా ఉండాలంటే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లోనే బరువు పెంచుకుంటూ పో. రాడ్డు తొడలకు రాసుకుంటూ దిగాలి, మోకాలు కొంచెం వంచి పిరుదులు వెనక్కి నెట్టు, తొడ వెనక బాగా సాగగానే ఆపు. చాలామందికి అది మోకాలి చిప్ప కిందే వస్తుంది. ఇంకా కిందికి పోతే వంగేది నడుమే. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి ఇక్కడ పెట్టు, రాడ్డు అన్నా నేనూ ఇద్దరం చూస్తాం.

మిర్యాలగూడ_రాడ్డు:
పెట్టు తమ్మీ, చూస్తా. మొదట ఖాళీ రాడ్డుతో తీయి, బరువు వేయకు. డెడ్‌లిఫ్ట్ మీద నా మాట మాత్రం మారదు.