అప్‌డేట్: పూజ చేసినా మనశ్శాంతి లేదని అడిగింది నేనే

పొలం పంపకాల్లో అన్నతో మాటలు బంద్ అయ్యాయని, రోజూ గంట పూజ చేసినా మనసు కుదుట పడట్లేదని మూడు నెలల కింద అడిగాను.

గీత 12వ అధ్యాయం, 13వ శ్లోకం చదవమని ఒక పెద్దాయన చెప్పారు. ఏ ప్రాణినీ ద్వేషించనివాడు, అని మొదలవుతుంది. నిజం చెప్పాలంటే, అన్న ముఖం గుర్తొచ్చి ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

పూజ తగ్గించి ఎవరికైనా సాయపడమని ఇంకొకరు అన్నారు. అది పట్టింది. హనుమకొండలో మా గల్లీ చివర ఒక్కతే ఉండే అవ్వకు పొద్దున్నే రెండు బిందెల నీళ్లు మోస్తున్నాను. మెచ్చుకోలు ఏమీ లేదు, పైగా "నిన్న సగం ఒలకబోసినవ్ బిడ్డా" అంటుంది. నవ్వొస్తుంది. పూజ ఇప్పుడు పది నిమిషాలే.

మొన్న ఆదివారం వేయిస్తంభాల గుడికి వెళ్లాను. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే మండపాన్ని పంచుకున్నారు. మాకేమో మూడెకరాలు పంచుకోవడం చేతకాలేదు! నంది పక్కన కూర్చుని అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాత్రి వదిన చేసింది: "బతుకమ్మకు పిల్లల్ని తీసుకొని రా తమ్మీ."

పొలం సంగతి ఇంకా తేలలేదు. నిద్ర మాత్రం పడుతోంది.