2030 కామన్వెల్త్ గేమ్స్ పేరు చెప్పి చాంద్‌ఖేడాలో ఫ్లాట్ కొనమంటున్నారు, కొనొచ్చా?

చాంద్‌ఖేడా అద్దెదారు:
అహ్మదాబాద్‌లో ఫార్మా ఉద్యోగం, చాంద్‌ఖేడాలో అద్దె ఇల్లు. 2025 నవంబర్ 26న గ్లాస్గోలో 2030 గేమ్స్ మా ఊరికే అని ఖాయం చేశారు. అప్పట్నుంచి వాట్సాప్ నిండా బ్రోషర్లే. మాకు దగ్గర్లోని మొతేరా క్రికెట్ స్టేడియం పక్కనే సర్దార్ పటేల్ స్పోర్ట్స్ ఎన్‌క్లేవ్ వస్తోందిగా, దాన్ని చూపించి ఊదరగొడుతున్నారు. మా బ్రోకర్‌కి కామన్వెల్త్ అన్న మాటే నోటికి రాదు, "ఒలింపిక్ ఆవే ఛే సాహెబ్" (ఒలింపిక్స్ వస్తోంది సార్) అంటాడు. అది 2036కి మనవాళ్లు అడిగారంతే, ఎవరూ ఇంకా ఇవ్వలేదయ్యా అంటే నవ్వేసి, అడుగుకి ఇంకో వంద పెంచి చెప్తాడు.

మా ఆవిడ లెక్క వేరు. అమ్మాయి ఈత నేర్చుకుంటోంది. నారణ్‌పురాలో కొత్తగా కట్టిన వీర్ సావర్కర్ కాంప్లెక్స్‌లో ఆసియా ఈత పోటీలు చూసొచ్చాక, ఇలాంటివి ఇంటి దగ్గరికే వస్తుంటే ఇక్కడే స్థిరపడదాం అంటోంది. నాకేమో 2023 నవంబర్ 19 కళ్లముందు మెదులుతోంది. ప్రపంచకప్ ఫైనల్ రోజు పాల ప్యాకెట్ కోసం వెళ్లి తిరిగొస్తుంటే బారికేడ్ దగ్గర ఆధార్ అడిగారు. అందులో ఉన్నది గుంటూరు జిల్లా! ఒక్కరోజు మ్యాచ్‌కే అంత హడావిడి. గేమ్స్ అంటే పది రోజుల పైమాట.

ఢిల్లీ, హైదరాబాద్ వాళ్లు ఇవన్నీ చూసినవాళ్లు కదా, మీరేమంటారు?

మయూర్ విహార్ మాజీ:
అన్నా, 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ కోసం అక్షర్‌ధామ్ గుడి పక్కన క్రీడాగ్రామం మా కళ్లముందే లేచింది. 1,168 ఫ్లాట్లు. బిల్డర్ డబ్బుల్లేక చేతులెత్తేస్తే 2009లో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) సుమారు 700 కోట్లు పెట్టి 333 ఫ్లాట్లు కొని గట్టెక్కించింది. అక్టోబర్ 3న ఆటలు మొదలు, సెప్టెంబర్ 21న నెహ్రూ స్టేడియం దగ్గర నడక వంతెన కూలి 27 మంది గాయపడ్డారు. ఎయిర్‌పోర్ట్ మెట్రో అయితే ఆటలైపోయాక, 2011 ఫిబ్రవరిలో మొదలైంది. అయినా ఢిల్లీ జనానికి నిజంగా మిగిలింది ఆ మెట్రో లైన్లే. మీకు మొతేరా నుంచి గాంధీనగర్ మెట్రో 2024లోనే వచ్చేసింది. అంటే దాని విలువ రేట్లో ఎప్పుడో కలిసిపోయింది. ఇప్పుడు బ్రోకర్ అడుగుతున్నది ఇంకా కట్టని స్టేడియాలకి.

గచ్చిబౌలి పాతకాపు:
2002 నేషనల్ గేమ్స్, 2003 ఆఫ్రో ఏషియన్, 2007 మిలిటరీ గేమ్స్, మూడూ మా హైదరాబాద్‌లోనే. గచ్చిబౌలి రేట్లు పెరిగింది ఐటీ కంపెనీల వల్ల, స్టేడియం వల్ల కాదు. ఆ కాంప్లెక్స్‌లోని స్పోర్ట్స్ టవర్‌ని 2020లో కోవిడ్ ఆసుపత్రి చేశారు, అప్పట్లో టిమ్స్ అన్నది దాన్నే.

అమ్మాయి సంగతికొస్తే, స్టేడియం ఉన్నంత మాత్రాన ఆటగాళ్లు తయారవరండీ. గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి మరీ అకాడమీ కట్టుకున్నాడు, సింధు, శ్రీకాంత్ అక్కణ్ణుంచే వచ్చారు. మీరు కనుక్కోవాల్సింది ఇది: ఆ పూల్‌లో బయటి పిల్లల్ని ఏ టైముకి రానిస్తారు, నెల ఫీజెంత, నేర్పే కోచ్ ఎవరు, పెద్ద పోటీలప్పుడు ఎన్నాళ్లు మూస్తారు. ఫ్లాట్ సంగతి ఆ తర్వాత.

సూరత్ మగ్గం:
టీపీ (టౌన్ ప్లానింగ్) స్కీం నంబర్, ఫైనల్ ప్లాట్ నంబర్ అడిగారా? గుజరాత్‌లో ఊళ్లు పెరిగేది అలాగే. భూములన్నీ కలిపి, రోడ్లకీ పార్కులకీ కొంత తీసుకుని, మిగతాది కొత్త హద్దులతో తిరిగిస్తారు. బ్రోషర్లో 24 మీటర్ల రోడ్డుంటుంది, సైట్‌కెళ్తే అక్కడ గేదెలు కట్టేసి ఉంటాయి. ప్రాజెక్టులు నమోదయ్యే గుజరాత్ రెరా సైట్‌లో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు, అది కూడా చూడండి. మెట్లూ లిఫ్టూ వాటా కలిపిన సూపర్ బిల్టప్ చెప్తే వినొద్దు, సగం దాకా తేడా కొడుతుంది.

చాంద్‌ఖేడా అద్దెదారు:
అందరికీ థాంక్స్. టీపీ నంబర్ అడిగితే "ముందు టోకెన్ ఇవ్వండి సాహెబ్, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఇవ్వలేదు. పూల్ టైమింగ్స్ మా ఆవిడ కనుక్కుంటానంది. ఇంతలో ఇంటి ఓనర్ ఫోన్ చేశాడు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోతోందట, గేమ్స్ వస్తున్నాయి కాబట్టి అద్దె పెంచాలట. ఆటలకి ఇంకా నాలుగేళ్లుంది మహానుభావా అంటే వినడే! ఆయనకేం చెప్పాలో కూడా కాస్త చెప్పండి.