పెద్దమ్మకి నిద్రమాత్ర ఆపాలా, ఉంచాలా?

గుంటూరు అబ్బాయి:
మా పెద్దమ్మకి 67 ఏళ్లు. పదిహేనేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతోంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) ఎప్పుడు చేయించినా బాగానే ఉంటోంది. బాధంతా నిద్రతోనే. ఆరు నెలల కిందట బయట డాక్టరుగారు ఆల్ప్రజోలం రాశారు, అప్పటి నుంచి పడుకుంటోంది. కానీ ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది, మొన్న రాత్రి బాత్రూంకి వెళ్తూ తూలింది. నేను ఆపేద్దామంటున్నా, అక్క వద్దంటోంది.

కాకినాడ కోడలు:
ఆపొద్దు. మా మామగారికీ ఇదే జబ్బు. నిద్ర లేని రోజుల్లో ఏఆర్‌టీ మాత్ర, అదే హెచ్‌ఐవీ మందు, వేసుకున్నారో లేదో కూడా ఆయనకి గుర్తుండేది కాదు. నిద్రే లేకపోతే ఇక మతెక్కడ నిలుస్తుంది? రాత్రంతా పక్కన మేలుకుని కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ.

పాత నర్సు:
ఏఆర్‌టీ సెంటర్‌లో తొమ్మిదేళ్లు చేశాను. కోడలుగారూ, నిద్ర ముఖ్యమన్నది నిజమే, కానీ 65 దాటినవాళ్లకి ఈ రకం మాత్రలు వీలైనంత వరకు వద్దని అమెరికా వృద్ధుల వైద్యుల బియర్స్ జాబితా చెప్తోంది, కారణం సరిగ్గా ఈ అబ్బాయి రాసిందే, తూలడం, మతిమరుపు. హెచ్‌ఐవీ తొలిరోజుల్లోనే మెదడులోకి చేరుతుంది, రక్తంలో వైరస్ అణిగినా కొందరికి ఆలోచన కాస్త మందగిస్తుంది, దాని మీద ఈ మగత కూడా పడితే పాలు మర్చిపోయింది వయసు వల్లనో, జబ్బు వల్లనో, మాత్ర వల్లనో ఎలా తేల్చుకుంటాం?

ముందు ఒకటి కనుక్కోండి. టీఎల్‌డీ, అంటే డోలూటెగ్రవిర్ అనే మందు ఉన్న హెచ్‌ఐవీ మాత్ర, ఏ వేళకి వేసుకుంటున్నారు? ఇదివరకు ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్రకి తల తిరుగుతుందని పడుకునేముందు వేసుకోమనేవాళ్లం. తర్వాత డోలూటెగ్రవిర్ వచ్చింది, అది కొందరికి నిద్ర చెడగొడుతుంది, అయినా చాలామంది పాత అలవాటు మానలేదు. సెంటర్‌లో అడిగి పొద్దుటికి మార్చుకున్నాక హాయిగా పడుకున్నవాళ్లని చూశాను. గురక ఉందేమో, రాత్రి గుబులుగా ఉంటుందేమో అదీ చెప్పండి.

ఆల్ప్రజోలం మాత్రం ఉన్నపళంగా ఆపకండి! ఆరు నెలలు వాడాక ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరుగారి చేతే కొంచెం కొంచెంగా తగ్గించాలి.

కాకినాడ కోడలు:
సరే, మాత్ర తీసేశాక ఏం చేయాలి? నిద్రకి కౌన్సెలింగ్ అంటారు, మా ఊళ్లో ఎవరు చేస్తారండీ?

పాత నర్సు:
మీరు అడిగింది న్యాయమే, మన దగ్గర అది దొరకడం కష్టం. కానీ దీర్ఘకాలం నిద్రలేమి ఉన్నవాళ్లకి మాత్రల కన్నా ముందు అదే చేయాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే చెప్పింది. అందులో కొంత ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. రాత్రి ఎంత నిద్రపోయినా పొద్దున ఒకే వేళకి లేపండి, మధ్యాహ్నం కునుకు తగ్గించండి, నిద్ర పట్టకపోతే మంచం దిగి కూర్చుని మళ్లీ కళ్లు మూతలు పడ్డాకే పడుకోమనండి. మొదటి వారం నీరసంగా ఉంటుంది, పక్కన మనిషి ఉండాలి.

గుంటూరు అబ్బాయి:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. అందరూ పడుకున్నాక, రాత్రి పదకొండింటికి వేసుకుంటోందట. పగలైతే ఇంటికొచ్చేవాళ్లు డబ్బా చూసి ఇవేం మందులని అడుగుతారని భయమట. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాతో అనలేదు. సోమవారం నేనే సెంటర్‌కి తీసుకెళ్తున్నా, అక్క కూడా వస్తానంది.