పాత యూఎస్‌బీ స్కానర్లు, కొత్త కంప్యూటర్లు: డ్రైవర్ కుదిరిన వాళ్లు ఎలా కుదిరిందో రాయండి

ఒంగోలు దస్తావేజు:
అందరికీ నమస్కారం. ఒంగోలులో ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర పని చేస్తున్నాను. పొలం అమ్మేవాళ్లు, బ్యాంకు రుణానికి వెళ్లేవాళ్లు తాతల నాటి లింకు డాక్యుమెంట్లన్నీ సంచిలో వేసుకుని వస్తారు. వాటిని స్కాన్ చేసి భద్రపరచడం మా పనిలో సగం. మా దగ్గర ఉన్నది కెనాన్ లైడ్ 110. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ మూలన పడింది, కొత్తదానిలో ఉబుంటు లైనక్స్ వేయించాం. అప్పటి నుంచి సింపుల్ స్కాన్ ప్రోగ్రామ్ తెరిస్తే స్కానర్ ఏదీ లేదని చెబుతోంది. దుకాణంలో అడిగితే ఇంత పాతదానికి డ్రైవర్ దొరకదు, కొత్తది కొనండి అన్నారు. అద్దం మీద ఒక్క గీత లేదు, మూత కీలు ఇంకా గట్టిగా ఉన్నాయి. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. ఇలాంటిది నడిపించిన వాళ్లు ఉంటే చెప్పండి.

మూలాపేట మరమ్మతులు:
పారేయకండి. లైనక్స్‌లో లైడ్ 110కి విడిగా డ్రైవర్ వెతకాల్సిన పనే లేదు. సేన్ అనే స్కానర్ వ్యవస్థలో జెనెసిస్ అనే బ్యాకెండ్ దాన్ని నడుపుతుంది. మన వైపు డ్రైవర్ అంటే సీడీలో వచ్చేది అనుకుంటారు కానీ, లైనక్స్‌లో ఒక్కో బ్యాకెండ్ పదుల కొద్దీ మోడళ్లను చూసుకుంటుంది. పెట్టె మీద ఏ పేరుందన్నది దానికి పట్టదు. లోపలి చిప్ ఏదన్నదే లెక్క.

నెల్లూరులో నా దగ్గరకు వచ్చే స్కానర్లలో చాలావాటికి రోగం ఏమీ ఉండదు. ఎక్కడ తెగిందో వరుసగా చూడాలి, అంతే. మొదట కమాండ్లు కొట్టే టెర్మినల్ కిటికీ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. తగిలించి ఉన్న యూఎస్‌బీ పరికరాల పట్టీ వస్తుంది. అందులో 04ఏ9:1909 అనే వరుస ఉందేమో చూడండి. ముందు సగం కెనాన్ గుర్తు, వెనక సగం లైడ్ 110 గుర్తు. హెచ్‌పీ అయితే ముందు సగం 03ఎఫ్0, ఎప్సన్ అయితే 04బీ8. ఆ వరుసే లేకపోతే డ్రైవర్ గురించి ఆలోచించడం వృథా. లోపం కేబుల్‌లోనో పోర్టులోనో ఉంటుంది.

వరుస కనబడితే స్కాన్‌ఇమేజ్ అని రాసి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద బడి ఎల్ కొట్టండి. ఆ కమాండ్ లేదంటే సేన్ యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. తర్వాత అదే కమాండ్‌ను ముందు సుడో (పూర్తి అధికారంతో నడపమనే మాట) పెట్టి మళ్లీ కొట్టండి. రెండు జవాబులూ ఇక్కడ రాయండి, వాటిలోనే సంగతి తేలిపోతుంది.

కావలి జిరాక్స్:
విండోస్ వాడేవాళ్ల కోసం నాకు తెలిసింది చెబుతాను. 64-బిట్ విండోస్ 32-బిట్ డ్రైవర్‌ను ఏ విధంగానూ తీసుకోదు. కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుందే తప్ప డ్రైవర్ ఎక్కదు. అందుకే కెనాన్ లైడ్ 25 లాంటి మోడళ్లు పాత కంప్యూటర్‌లో చక్కగా నడిచి కొత్తదానిలో డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఆగిపోతాయి. అదే లైడ్ 25 లైనక్స్‌లో ప్లస్‌టెక్ బ్యాకెండ్‌తో నడుస్తుంది.

64-బిట్ డ్రైవర్ ఉండి కూడా ఎక్కకపోతే రెండు చోట్ల చూడండి. సర్వీసుల పట్టీలో విండోస్ ఇమేజ్ అక్విజిషన్ అనేది నడుస్తోందా లేదా? రెండోది విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ. అది పాత డ్రైవర్లను అడ్డగిస్తుంది. దాన్ని తీసేయమని నేను ఎవరికీ చెప్పను. జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు తెచ్చి ఇచ్చే కంప్యూటర్ అది. ఒక స్కానర్ కోసం దాని కాపలా తగ్గించడం తప్పు.

అలాంటి చోట వ్యూస్కాన్ పని చేస్తుంది. తయారీదారు డ్రైవర్ లేకపోయినా తన సొంత డ్రైవర్‌తో నడుపుతుంది. డబ్బు కట్టాలి. అయితే కట్టకముందే పరీక్షించుకోవచ్చు, పేజీ మీద గుర్తులు వేసి ఇస్తుంది. డ్రైవర్ సరిగ్గానే ఉండి కంపెనీ సాఫ్ట్‌వేర్ మాత్రమే మొరాయిస్తుంటే న్యాప్స్2 చాలు, అది ఉచితం. పేజీలు వరుసగా పేర్చి ఒకే పీడీఎఫ్‌గా ఇస్తుంది.

ఒంగోలు దస్తావేజు:
మూలాపేట వారికి ధన్యవాదాలు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో 04ఏ9:1909 ఉంది. స్కాన్‌ఇమేజ్ మామూలుగా కొడితే ఏ స్కానరూ దొరకలేదంది. సుడో పెట్టి కొడితే జెనెసిస్ అనే మాటతో మోడల్ పేరు వచ్చింది!

మూలాపేట మరమ్మతులు:
అయితే సమస్య అనుమతిది. డ్రైవర్ సరిగ్గా ఉంది, స్కానర్ సరిగ్గా ఉంది, మీ యూజర్ పేరుకు ఆ పోర్టును తాకే హక్కు లేదు. స్కానర్ అనే పేరుతోనే ఒక గ్రూపు ఉంటుంది. మీ యూజర్‌ను అందులో చేర్చి, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లోపలికి రండి. కిటికీ మూసి తెరిస్తే చాలదు. స్కాన్ ప్రోగ్రామ్‌నే ఎప్పుడూ సుడోతో నడుపుకోమని కొందరు సలహా ఇస్తారు. అది వద్దు. ఫైళ్లన్నీ రూట్ అనే పూర్తి అధికారం గల యూజర్ పేరు మీద పడి, తర్వాత మీరే తెరవలేని పరిస్థితి వస్తుంది.

కనిగిరి బడి:
మా బడిలో ఉన్నది ముస్టెక్ బేర్‌పా 1200 సీయూ ప్లస్. దాని కథ వేరు. ఇలాంటి స్కానర్లలో నడిచే ప్రోగ్రామ్ స్కానర్‌లో నిలవ ఉండదు. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని లోపలికి పంపాలి. రాత్రికి అంతా మరిచిపోయి పొద్దున మళ్లీ అక్షరాలు దిద్దించుకునే పిల్లవాడి లాంటిది. ఆ ప్రోగ్రామ్ ఫైలునే ఫర్మ్‌వేర్ అంటారు. హక్కులు కంపెనీవి కాబట్టి లైనక్స్‌తో పాటు రాదు. స్కానర్‌తో వచ్చిన సీడీలోంచి మనమే తీసుకోవాలి. సీడీ పారేసుకోకండి అని అందుకే అందరికీ చెబుతుంటాను.

మా దాన్ని నడిపేది జీటీ68ఎక్స్‌ఎక్స్ బ్యాకెండ్. ఫర్మ్‌వేర్‌ను యూఎస్ఆర్‌లోని షేర్‌లో, సేన్ ఫోల్డర్ లోపల అదే బ్యాకెండ్ పేరుతో ఉండే ఫోల్డర్‌లో పెట్టాలి. అది లేకపోతే మీరే సృష్టించుకోవచ్చు. కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి ఉన్న పేరుకూ మీరు పెట్టిన ఫైలు పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. చిన్న బడి, పెద్ద బడి అక్షరాల తేడా కూడా పనికిరాదు. విండోస్ సీడీలో పేరు ఒక తీరుగా, ఇక్కడ మరో తీరుగా ఉండడం మామూలే. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఎప్సన్ పర్‌ఫెక్షన్ 2480 ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి, కాకపోతే బ్యాకెండ్ స్నాప్‌స్కాన్. కావలసిన ఫైలు పేరు ఈఎస్ఎఫ్‌డబ్ల్యూ41, చివర బిన్. ఈటీసీలోని సేన్ డాట్ డీ ఫోల్డర్‌లో స్నాప్‌స్కాన్ కాన్ఫ్ ఫైలు తెరిచి, ఫర్మ్‌వేర్ అన్న వరుసలో ఆ ఫైలు ఉన్న చోటు పూర్తి దారి రాయాలి.

చీమకుర్తి:
డ్రైవర్ అంతా సరిగ్గా ఉండి, స్కాన్ మొదలుపెట్టగానే గరగరమని చప్పుడు వచ్చి ఆగిపోతుందా? స్కానర్ తిరగేసి అడుగున చూడండి. చాలా మోడళ్లకు రవాణా కోసం ఒక తాళం బొమ్మ ఉన్న మీట ఉంటుంది. ఇల్లు మారినప్పుడు ఎవరో వేసి ఉంటారు. మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము ఎక్కువ కాబట్టి ఇంకో మాట. అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దకండి. ముందు దుమ్ము ఊదేసి, తర్వాత కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. ద్రవాన్ని అద్దం మీద నేరుగా పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

ఒంగోలు దస్తావేజు:
గ్రూపులో చేర్చాక సింపుల్ స్కాన్‌లో స్కానర్ కనబడింది. చాలా సంతోషం. ఇప్పుడు రెండు సందేహాలు. పేజీ సగంలో ఒక్కోసారి ఆగిపోతోంది. ఆగకుండా వచ్చినప్పుడు పై నుంచి కింది దాకా సన్నటి నిలువు చారలు వస్తున్నాయి.

మూలాపేట మరమ్మతులు:
సగంలో ఆగడం చాలావరకు పోర్టు వల్ల. కంప్యూటర్ వెనక చూడండి, లోపలి నాలుక నీలం రంగులో ఉంటే అది సాధారణంగా యూఎస్‌బీ 3. కొన్ని పాత స్కానర్లకు దానితో పొత్తు కుదరదు. నల్ల నాలుక ఉన్న పోర్టుకు మార్చండి. అన్నీ నీలమే అయితే మధ్యలో ఒక యూఎస్‌బీ 2 హబ్ పెట్టండి. చాలాసార్లు ఆ చిన్న డబ్బాతోనే పని జరుగుతుంది. అదీ కుదరకపోతే సేన్ యూఎస్‌బీ వర్క్‌అరౌండ్ (SANE_USB_WORKAROUND) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు ఇచ్చే అమరిక, ఉంది. దానికి 1 అని విలువ ఇచ్చి ప్రయత్నించండి.

కరెంటు సంగతి కూడా చూడాలి. లైడ్ వరుసకు విడిగా అడాప్టర్ ఉండదు, మొత్తం యూఎస్‌బీ తీగ నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వగలిగింది 500 మిల్లీయాంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. క్యాబినెట్ ముందువైపు పోర్టుకు పొడవాటి నాసి తీగ తగిలిస్తే దీపం వెలుగుతుంది కానీ మోటారుకు శక్తి చాలదు. వెనక పోర్టుకు పొట్టి తీగతో తగిలించండి.

చారల గురించి. జెనెసిస్ బ్యాకెండ్ మొదటి స్కాన్‌కు ముందు స్కానర్‌ను సరిచూసుకుని, ఆ కొలతలను మీ హోమ్ ఫోల్డర్‌లో సేన్ పేరుతో దాగి ఉన్న ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అద్దం మీద మురికి ఉన్నప్పుడు దాచుకుంటే ఆ మురికే ప్రతి పేజీకీ చారగా దిగుతుంది. అద్దం శుభ్రం చేసి, మూత వేసి, ఆ క్యాలిబ్రేషన్ ఫైలు తీసేయండి. తర్వాతి స్కాన్‌కు కొత్తగా కొలుచుకుంటుంది.

వెంకటగిరి అంచు:
నాది చీరల డిజైన్ పని. గ్రాఫ్ కాగితం మీద గీసిన జాందానీ బుటాలు, పాత చీర ముక్కలు స్కాన్ చేస్తాను. డ్రైవర్ కుదిరాక కూడా స్కానర్ రకం చూసుకోవాలని చెప్పడానికే రాస్తున్నాను. లైడ్ లాంటి పలుచటి స్కానర్లలో సీఐఎస్ సెన్సార్ ఉంటుంది. కాగితం అద్దానికి పూర్తిగా ఆనితేనే స్పష్టంగా వస్తుంది. కాస్త లేచినా మసకే. గ్రాఫ్ కాగితానికి అది చాలా బాగుంటుంది. బట్టకు మాత్రం సీసీడీ రకం కావాలి. అది లావుగా ఉంటుంది, విడిగా అడాప్టర్ ఉంటుంది, అద్దం నుంచి కొంచెం ఎత్తులో ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది.

జరీ అంచు ఒక దిక్కున పెడితే నల్లగా వస్తుంది. దీపం ఒక పక్క నుంచే పడుతుంది కదా, మెరుపు సెన్సార్ వైపు తిరగకపోతే చీకటే. అదే ముక్కను అడ్డంగా తిప్పి పెడితే బంగారు రంగు తేలుతుంది. డ్రైవర్‌లో రంగులు దానంతట అదే సరిచేసే మీటలన్నీ ఆపేస్తాను. ఆకుపచ్చ నేల ఉన్న చీరను అది తెలుపు వైపు లాగి పాడు చేస్తుంది.

కావలి జిరాక్స్:
దస్తావేజు గారూ, మీ పాత స్టాంపు కాగితాలు ఏ4 కంటే పొడవు ఉంటాయి కదా? లైడ్ అద్దం 297 మిల్లీమీటర్ల దగ్గర అయిపోతుంది. లీగల్ సైజు కాగితం 355 దాటుతుంది. కింది వరుసలు, సాక్షి సంతకాలు, వేలిముద్రలు తెగిపోకుండా రెండు ముక్కలుగా తీయండి. రెండింటిలోనూ కొన్ని వరుసలు ఉమ్మడిగా పడేలా చూసుకోండి.

ఒంగోలు దస్తావేజు:
ఇప్పటిదాకా అలాగే తీస్తున్నాం. పోర్టు మార్చాక ఆగడం లేదు, చారలు కూడా పోయాయి. వెనక పేజీ సిరా ముందుకు కనబడే కాగితాలకు ఏ సెట్టింగ్ పెట్టాలి? ఎన్ని డీపీఐ మంచిది?

కనిగిరి బడి:
సెట్టింగ్ కంటే ముందు ఒక నల్ల చార్టు ముక్క కాగితం వెనక పెట్టి మూత వేయండి. మూత లోపలి తెలుపు వల్లే వెనక సిరా అంతగా తేలుతుంది. నలుపు పెడితే కాగితం కొద్దిగా బూడిద రంగుకు తిరుగుతుంది కానీ చదవడం తేలికవుతుంది.

తెలుగు రాతకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) గ్రే పెట్టండి. ఏ4 పేజీ 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలుగా వస్తుంది. కుదించకపోతే ఎనిమిదిన్నర ఎంబీ దాకా ఉంటుంది. 600కి వెళితే దానికి నాలుగు రెట్లు. స్టాంపుల రంగు, ముద్రల ఎరుపు కావాలనుకున్న పేజీలు మాత్రం రంగులో తీయండి. కేవలం నలుపు తెలుపులో తీయడం నాకు నచ్చదు. వత్తులు, గుడి దీర్ఘాలు రాలిపోతాయి. టెసరాక్ట్‌తో అక్షరాలు గుర్తించాలనుకుంటే తెలుగు డేటా ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. అచ్చు కాగితాలకు బాగానే చదువుతుంది, చేతిరాత దస్తావేజులకు ఆశ పెట్టుకోకండి.

ఇంకొకటి. ఆఫీసులో రెండు మూడు కంప్యూటర్లు ఉంటే స్కానర్‌ను అటూ ఇటూ మోయకండి. స్కానర్ ఉన్న యంత్రంలో సేన్డ్ అనే సేవ నడిపి, దాని కాన్ఫ్ ఫైలులో మిగతా కంప్యూటర్ల చిరునామాలు రాయండి. అవతలి లైనక్స్ యంత్రాల్లో నెట్ కాన్ఫ్ ఫైలులో దీని చిరునామా రాస్తే చాలు. వాడే పోర్టు 6566, ఫైర్‌వాల్‌లో అది తెరిచి ఉండాలి. మా బడిలో స్టాఫ్ రూములో స్కానర్, ఆఫీసు గదిలో కంప్యూటర్.

మూలాపేట మరమ్మతులు:
స్కానర్ వెతకడానికే చాలాసేపు పడుతుంటే సేన్ డాట్ డీ ఫోల్డర్‌లో డీఎల్ఎల్ కాన్ఫ్ ఫైలు తెరవండి. బ్యాకెండ్ల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. మీకు అక్కర్లేని వాటి ముందు హ్యాష్ గుర్తు పెడితే వాటిని తట్టకుండా వెళుతుంది. జెనెసిస్‌ను అలాగే ఉంచండి, సేన్డ్ ద్వారా స్కాన్ చేసుకునే అవతలి యంత్రాల్లో నెట్‌ను కూడా అలాగే ఉంచండి. మార్చే ముందు ఆ ఫోల్డర్ మొత్తం ఒక నకలు తీసి పెట్టుకోండి. ఉబుంటు కొత్త విడుదలకు మారేటప్పుడు పాత ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. కొత్తదే తీసుకుని, మీ నకలు చూసి మీ మార్పులు మళ్లీ రాసుకోవడం మంచిది. కొత్త బ్యాకెండ్లు వచ్చి ఉంటే పాత ఫైలులో వాటి పేర్లు ఉండవు.

పొదిలి నుంచి:
ఇదంతా చదివి మా లైడ్ 25ను అటక మీద నుంచి దించాను. 04ఏ9:2220 అని వచ్చింది, సుడో లేకుండానే కనబడింది. కానీ దీపం ఎంతసేపటికీ ఆరడం లేదు. ఇది మామూలేనా?

మూలాపేట మరమ్మతులు:
అవును, కంగారు పడకండి. ప్లస్‌టెక్ కాన్ఫ్ ఫైలులో ల్యాంప్ ఆఫ్ అనే పేరుతో ఒక ఎంపిక ఉంటుంది. దీపం ఎంతసేపటికి ఆరాలో సెకన్లలో రాయండి. స్కానింగ్ ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి.